నాలుక కింద బిళ్ళ

ఆమె పని కళ్ళజోళ్ళకు అద్దాలు అరగదీయడం. డాక్టరు రాసిచ్చిన నంబరు ప్రకారం వచ్చిన గుండ్రటి అద్దాన్ని ఫ్రేముకు సరిపోయేలా అంచులు అరగదీసి, గాడిలో కూర్చోబెట్టి, మరలు బిగించి కౌంటరు మీదికి పంపాలి. షాపు వెనక గదిలో, నీళ్ళు చిమ్మే యంత్రం ముందు, పంతొమ్మిదేళ్ళుగా అదే పని. ఈ వీధిలో సగం మంది లోకాన్ని మా అమ్మాయి చేతి అద్దాల్లోంచే చూస్తున్నారని షాపు యజమాని వచ్చినవాళ్ళ దగ్గర గొప్పలు పోయేవాడు. "వాళ్ళకి లోకం, నాకు నడుం నొప్పి" అనేది ఆమె, తల ఎత్తకుండానే.

పెద్దగా నవ్వే మనిషి కాదు. నవ్వించేవాడు తమ్ముడు. ఆమెకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. అమ్మ పోయేనాటికి వాడికి పదకొండేళ్ళు. నాన్న అంతకుముందే లేడు. అక్కే వాడికి తల దువ్వింది, అక్కే బడి ఫారాల మీద సంతకం పెట్టింది. పెళ్ళికి ముందు కాబోయే భర్తతో ఒక్కటే మాట చెప్పింది: "నాతో పాటు వాడూ వస్తాడు." ఆ భర్త ఒక బడిలో సైన్సు ల్యాబు చూసుకునే మనిషి. మెత్తనివాడు. "ఒకళ్ళని అడిగితే ఇద్దరొచ్చారు, నా అదృష్టం" అని నవ్వి ఊరుకున్నాడు. పిల్లలు పుట్టలేదు. పుట్టలేదన్న దిగులు ఆ ఇంట్లో పెద్దగా చోటు చేసుకోలేదంటే అది ఆ కుర్రాడి అల్లరి వల్లే.

పెరిగి లిఫ్టు మెకానిక్కయ్యాడు. "రోజుకి ఇరవైసార్లు పైకి పోయి మళ్ళీ తిరిగొచ్చేది మేమే బావా" అని భోజనాల దగ్గర అనేవాడు. అక్క చేతిలో ఏ గరిటె ఉంటే అది విసిరేది. "ఆ నోరు కడుక్కో ముందు!" అని తిట్టేది. వాడు తప్పుకుని, కిందపడ్డ గరిటె తీసి కడిగి మరీ ఇచ్చేవాడు.

ముప్పయ్యో ఏట లిఫ్టు గోతిలో పడ్డాడు. తలుపు తెరిచి ఉంది, లిఫ్టు లేదు, ఎవరో బల్బు తీసేశారు. రెండంతస్తుల లోతు. ప్రాణం దక్కింది గానీ నడుంలో రెండు కడ్డీలు వేశారు. నొప్పికి బిళ్ళలు రాశారు. ఆ బిళ్ళ వేసుకున్న అరగంటకి వాడి మొహంలో బిగిసినవన్నీ ఒక్కొక్కటే వదులయ్యేవి. అది చూసి ఆమెకి ప్రాణం లేచొచ్చేది. వేళ తప్పకుండా బిళ్ళలందించింది ఆమే.

తొమ్మిది నెలలు అలా గడిచాయి. తర్వాత ఆస్పత్రిలో డాక్టరు మారాడు. కొత్తాయన కాగితాలు తిరగేసి "ఇన్నాళ్ళు వాడకూడదు, ఆపెయ్యండి" అన్నాడు. అంతే. ఎలా ఆపాలో చెప్పలేదు, ఆపితే ఒళ్ళు ఏం చేస్తుందో చెప్పలేదు. మూడు రోజులు వాడు చెమటలు కారుస్తూ, వాంతులు చేసుకుంటూ, మంచం మీద కాళ్ళు తన్నుకుంటూ గడిపాడు. జ్వరమనుకుని ఆమె తడిగుడ్డలు వేసింది. నాలుగో రోజు వాడు మెల్లగా లేచి బయటికి వెళ్ళి గంటలో తిరిగొచ్చాడు. మొహం తేటగా ఉంది. "తగ్గిపోయిందక్కా" అన్నాడు. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు.

ఏం జరుగుతోందో ఆమెకి తెలియడానికి ఇంకో అయిదు నెలలు పట్టింది. ఒక సాయంత్రం కరెంటు పోయింది. మసక వెలుతురులో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. కళ్ళజోడు పని చేసేవాళ్ళకి ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం ఒక అలవాటు. చీకట్లో కంటి మధ్య నల్లటి పాప పెద్దదవ్వాలి. వాడిది సూదిమొనంత ఉంది.

"ఏం వేసుకున్నావురా?"

"ఏం లేదే... నడుం నొప్పికి..."

"నాకేసి చూసి చెప్పు."

వాడు చూశాడు. చూసి, చిన్నప్పుడు పలక పగలగొట్టుకుని వచ్చినప్పటిలా ఏడ్చాడు. "మత్తు కోసం కాదక్కా. మొదట్లో నొప్పి కోసం. ఇప్పుడు మామూలుగా ఉండటం కోసం. అది లేకపోతే పొద్దున్న లేచి చొక్కా గుండీలు పెట్టుకోలేను." బజారులో దొరికేదేదో కొనుక్కుంటున్నాడు. అందులో ఏం కలుపుతారో వాడికీ తెలియదు.

ఆమె తిట్టింది, బతిమాలింది, మూడు రోజులు మాట్లాడటం మానేసింది. ఒక మంగళవారం పొద్దున వాడే వచ్చి వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, నా వల్ల కావట్లేదు. ఎక్కడికైనా తీసుకెళ్ళు. ఇవాళే తీసుకెళ్ళు."

షాపుకి సెలవు పెట్టి వాణ్ణి వెంటబెట్టుకుని మత్తు మాన్పించే కేంద్రానికి వెళ్ళింది. కౌంటరులో గుమస్తా చెయ్యి చాపాడు.

"లెటరేది?"

"ఏం లెటరండీ?"

"పంపించిన డాక్టరు లెటరమ్మా."

"ఏ డాక్టరూ పంపలేదు. వాడే వస్తానన్నాడు."

"వస్తానన్నవాళ్ళందర్నీ చేర్చుకుంటే మాకు గోడలు చాలవు. లెటరు తెచ్చి పేరు రాయించుకోండి. మంచం ఖాళీ అవడానికి ఏడు వారాలు పడుతుంది."

"ఇవాళ వస్తానన్నాడండీ. ఏడు వారాలకి కూడా వస్తాననే అంటాడో లేదో ఎవరికి తెలుసు?"

"నిజంగా మారాలనుంటే ఆగుతాడు" అన్నాడు గుమస్తా. మొరటుగా అనలేదు. రోజూ అదే మాట చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతో అన్నాడు. మెట్ల మీద తమ్ముడు గోడ పట్టుకుని నిలబడ్డాడు. "పద అక్కా. నాకు వణుకొస్తోంది."

ఏడు వారాలూ ఆమె వాణ్ణి కళ్ళలో ఒత్తులు వేసుకుని కాపలా కాసింది. వాడు వణుకు ఆగేంత మాత్రమే వేసుకుంటూ ఎలాగో నిలిచాడు. లెటరు దొరికింది, మంచం దొరికింది. ఇరవై ఒక్క రోజులు లోపలుంచారు. ఫోను తీసేసుకున్నారు. పొద్దున్నే వరసలో నిలబెట్టి వ్యాయామం చేయించారు, సాయంత్రం ఉపన్యాసాలు చెప్పారు. మందు మాత్రం ఏమీ ఇవ్వలేదు. ఒళ్ళు పెట్టే బాధంతా పంటిబిగువున భరించాడు. చివరి రోజు అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. "ఇకనుంచి అంతా మీవాడి మనోబలం మీదే ఉందమ్మా" అన్నాడు అక్కడి పెద్దాయన. ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది. నాటుకోకపోయినా బాగుండేది.

బయటికొచ్చిన అయిదో రోజు ఆదివారం. స్నానాల గదిలోంచి ఎంత పిలిచినా పలకలేదు. బావ భుజంతో గుద్ది గడియ విరగ్గొట్టాడు. వాడు గోడకి జారబడి ఉన్నాడు. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. అంబులెన్సులో వచ్చినావిడ వాడి ముక్కులో మత్తు విరిచే మందు కొట్టి, గుండెల మీద అరచేత్తో గట్టిగా రుద్దింది. ఊపిరి తిరిగొచ్చింది.

"మానేసి ఎన్నాళ్ళయిందమ్మా?"

"ఇరవయ్యారు రోజులు."

"అందుకే. ఒంటికి అలవాటు పోయింది. చేతికి పోలేదు. పాత కొలతే వేసుకున్నాడు."

కేంద్రంలో ఇరవై ఒక్క రోజుల్లో ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు.

ఆస్పత్రిలో ఒక నర్సమ్మ ఉండేది. యాభై దాటిన మనిషి. కళ్ళజోడు ముక్కు మీదికి జారిపోతుంటే మణికట్టుతో పైకి నెట్టుకుంటూ తిరిగేది. వాడి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "బాబూ, దీనికో మందుంది. మత్తెక్కించదు, వణుకు రానివ్వదు. రోజూ వేసుకోవాలి. డాక్టరుగారితో మాట్లాడాను. ఇక్కడినుంచే మొదలుపెడదామా?"

అక్క అడ్డొచ్చింది. "లెటరు కావాలేమోనండీ..."

"ఎవరి లెటరు? మనిషి ఎదురుగానే ఉన్నాడుగా."

ఒంట్లో ఉన్నది దిగి వణుకు మొదలయ్యాక ఇవ్వాలని మర్నాటిదాకా ఆగారు. అప్పుడు చిన్న బిళ్ళ నాలుక కింద పెట్టింది. మింగకూడదు, కరిగేదాకా మాట్లాడకూడదు. పుట్టి బుద్ధెరిగాక వాడు పది నిమిషాలు నోరు మూసుకోవడం అక్క చూడటం అదే మొదలు. వాడు చేతులతో సైగలు చేస్తూ ఫిర్యాదు చేస్తుంటే ఆ వార్డులో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

బస్టాండు వెనక సందులో ఆ ఆస్పత్రికి చిన్న శాఖ ఒకటి ఉండేది. రెండు గదులు, ఒక బల్ల. పొద్దున ఆరింటికే తెరిచేవాళ్ళు, పనికి పోయేవాళ్ళకి వీలుగా ఉండాలని నర్సమ్మే పట్టుబట్టి పెట్టించిన వేళ అది. వాడు రోజూ వెళ్ళి బిళ్ళ వేసుకునేవాడు, ఉద్యోగం మళ్ళీ దొరికాక అట్నుంచి అటే పనికి పోయేవాడు. ఒకరోజు వెళ్ళకపోతే ఎనిమిదింటికల్లా ఫోను వచ్చేది. "ఏం బాబూ, ఇవాళ నడుం నొప్పా, మనసు నొప్పా?" రెండో నెలలో ఒకసారి జారాడు. బజారు సరుకు మళ్ళీ ముట్టుకున్నాడు. గెంటేస్తారనుకుంటూ తలొంచుకుని వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. "వచ్చావు, చెప్పావు. అది చాలు. రేపు కూడా రా" అంది నర్సమ్మ. నడుంకి చేయాల్సిన కసరత్తులు నేర్పించడానికి ఒకాయన్ని కుదిర్చింది. మనసులో ఉన్నది మాట్లాడటానికి వారానికోసారి ఇంకొకావిడ దగ్గర కూర్చోబెట్టింది.

పదకొండు నెలలు. వాడికి బుగ్గలొచ్చాయి. కంపెనీలో మళ్ళీ చేర్చుకున్నారు. గోతుల్లోకి దిగే పని కాకుండా బోర్డులు బాగుచేసే పనిచ్చారు. ఆమె షాపులో అద్దాల యంత్రానికి నీళ్ళు సరిగా రాక ఏడాదిగా తిట్టుకుంటుంటే ఒక మధ్యాహ్నం వచ్చి పంపు విప్పి బాగుచేసి, యజమానితో "మా అక్కని ఇంకో పంతొమ్మిదేళ్ళు అరగదీయండి" అనేసి పోయాడు.

అంతా బాగానే ఉంది. బాగుంది కాబట్టే ఆమెకి ఆ బిళ్ళ కంటగింపయింది.

"ఇంకా ఎన్నాళ్ళురా ఈ బిళ్ళ?" అని ఒకరోజు అడిగింది. మరో రోజు "ఒకటి మానడానికి ఇంకొకటి పట్టుకోవడమేగా ఇది?" అంది. పక్కవాటాలో వాళ్ళు మీ తమ్ముడు రోజూ పొద్దున్నే ఎక్కడికి వెళ్తాడని అడిగితే ఆమెకి తల కొట్టేసినట్టుండేది.

వాడు కోప్పడలేదు. "నీ దగ్గరికొచ్చేవాళ్ళకి జోడు బిగించి ఇస్తావు. పది నెలలు బాగానే కనిపించింది కదా, ఇక తీసెయ్యండి అంటావా అక్కా?"

"అదీ ఇదీ ఒకటేనా? మనోబలం ఉండాలి" అంది.

ఇంతలో బస్టాండు శాఖ మూసేశారు. పనిచేసే మనుషుల్లేరని తలుపుకి కాగితం అంటించారు. ఇక పెద్దాస్పత్రికే వెళ్ళాలి. రెండు బస్సులు మారాలి, పదినుంచి పన్నెండు దాకా మాత్రమే ఇస్తారు. వాడు పనిలో రోజూ రెండు గంటలు అడిగి పదిరోజులు అలాగే తిరిగాడు. సూపర్‌వైజరు మొదట ఊరుకున్నాడు, తర్వాత మొహం ముడిచాడు, ఆ తర్వాత రోజూ ఇలాగైతే కష్టమన్నాడు. వాడు ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి "ఏం చెయ్యాలో తోచట్లేదక్కా" అన్నాడు.

అప్పుడు ఆమె అనాల్సిన మాట వేరే ఉంది. నేను మీ సూపర్‌వైజరుతో మాట్లాడతాను అనొచ్చు. ఉద్యోగం పోతే పోయిందిలే అనొచ్చు. ఆమె అన్నది ఇది: "మంచిదే అయిందిరా. ఇదే అదననుకుని మానేయ్."

"ఒకసారి నర్సమ్మని అడుగుదాం" అన్నాడు భర్త.

"అడిగితే ఆవిడ వద్దనే అంటుంది. ఆవిడ పనే అది కదా."

తమ్ముడు కుర్చీలోంచి లేచాడు. "సరే అక్కా. నువ్వు చెబితే సరే."

సెలవు రోజులకని ఆస్పత్రిలో ఇచ్చిన నాలుగు బిళ్ళల్నీ వంటగదిలో కత్తిపీట మీద సగాలు చేశాడు, సగాలని పావులు చేశాడు. అవీ అయిపోయాయి. వాడికి నిద్ర పట్టడం లేదని ఆమెకి తెలుసు. అడిగితే "బానే ఉన్నాను" అనేవాడు. ఆమె నమ్మింది. నిజానికి నమ్మాలని గట్టిగా అనుకుంది. రెండింటికీ ఎంత తేడా ఉందో అప్పటికి తెలియలేదు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున వాడి ఫోను మోగింది. వాడు స్నానానికి వెళ్ళాడు. ఆమె ఎత్తింది. నర్సమ్మ.

"ఏమ్మా, మీవాడు రావడం లేదేం?"

"మానేశాడండీ. బాగున్నాడు. ఇక అక్కర్లేదు."

"అలా ఒక్కసారిగా మానకూడదమ్మా. మానేసినవాళ్ళకే ప్రమాదం ఎక్కువ. ఒక్కసారి నా దగ్గరికి పంపండి. ఏమీ అనను. నేను పిలిచానని చెప్పండి చాలు."

"చెబుతాను" అంది. చెప్పలేదు. వాడు తల తుడుచుకుంటూ వచ్చి ఎవరని అడిగితే "ఎవరో తప్పు నంబరు" అంది.

ఆ తర్వాత తొమ్మిది రోజులకి, గురువారం మధ్యాహ్నం, కంపెనీ సామాన్ల గదిలో ఇనుప తాళ్ళ చుట్టల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. భోజనం డబ్బా మూత కూడా తీయలేదు, పక్కన బజారు సరుకు పొట్లం ఖాళీగా ఉంది. టీకి రాలేదేమని సూపర్‌వైజరే వెతుక్కుంటూ వెళ్ళాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ముక్కులో కొట్టే మందు ఆ భవనంలో ఎక్కడా లేదు. ఉన్నా ఎలా వాడాలో ఎవరికీ తెలియదు.

ఫోను షాపుకి వచ్చింది. ఆమె చేతిలో ఎవరిదో పిల్లాడి అద్దం ఉంది. యంత్రం ఆపి, అద్దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, చీటీ పెట్టి, అప్పుడు నేల మీద కూర్చుందట. యజమాని తర్వాత చెబితే తెలిసింది. ఆమెకి ఏదీ గుర్తులేదు.

నాలుగు నెలలు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. భర్త ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆమెకి ఎన్నోసార్లు అనిపించింది. చివరికి ఒకనాడు తనే రెండు బస్సులు మారి పెద్దాస్పత్రికి వెళ్ళింది. నర్సమ్మ గుర్తుపట్టి లేచి నిలబడింది.

"మీరు చెప్పమన్న మాట వాడికి చెప్పలేదండీ" అంది అక్క, కూర్చోకుండానే. "తప్పు నంబరన్నాను."

నర్సమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నేను చంపుకున్నానా వాణ్ణి?"

"కాదని మీతో తేలిగ్గా అనలేనమ్మా, అంటే మీరు నమ్మరు" అంది నర్సమ్మ. "నేనూ రెండోసారి ఫోను చెయ్యాల్సింది. చెయ్యలేదు. శాఖ మూసేటప్పుడు గట్టిగా పోట్లాడాల్సింది. కొంచెమే పోట్లాడాను. పదకొండు నెలలు మీవాడొచ్చాడు గానీ, ఒక్కరోజన్నా మిమ్మల్ని పిలిచి ఈ మందేమిటో, ఎందుకు ఆపకూడదో కూర్చోబెట్టి చెప్పామా? లేదు. చక్కెర జబ్బుకి మందేసుకుంటే ఇంకా ఎన్నాళ్ళని ఎవరూ అడగరు. దీనికి మాత్రం అందరూ అడుగుతారు. అడుగుతారని తెలిసీ మేం చెప్పలేదు."

ఆ మాటలు ఓదార్పు కాలేదు. కానీ ఆమె ఆ రోజు మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది. నర్సమ్మ ఊరుకోమనలేదు. తలుపు దగ్గరగా వేసి పక్కన నిలబడింది.

బస్టాండు శాఖ మళ్ళీ తెరవాలని అర్జీ రాసింది అక్కే. రాయడం సరిగా రాదు. భర్త దిద్దిపెట్టాడు. లిఫ్టు కంపెనీలో అందరి దగ్గరికీ తిరిగి సంతకాలు పెట్టించింది. సూపర్‌వైజరు సంతకం పెట్టి, కలం మూత పెట్టకుండా అలాగే పట్టుకుని, "రెండు గంటలే కదమ్మా వాడడిగింది" అని మొహం అటు తిప్పుకున్నాడు. ఆరోగ్యశాఖ ఆఫీసులో గుమస్తా కాగితం చదివి అడిగాడు.

"పేషెంటు మీకేమవుతాడు?"

"తమ్ముడు."

"అతను రాలేదా?"

"లేడు. పోయాడు."

గుమస్తా తలెత్తాడు. "మరి ఈ అర్జీ ఎవరి కోసమమ్మా?"

ఆమె కాగితం తిరిగి తీసుకోకుండా బల్ల మీదే ఉంచి నిలబడింది. అతను చివరికి ముద్ర వేశాడు.

పద్నాలుగు నెలలు తిరిగాక శాఖ తెరిచారు. వారానికి మూడు రోజులు, పొద్దున ఆరునుంచి ఎనిమిది దాకా, ఒక్క గదిలో. ఆ మూడు రోజులూ మందు తీసుకున్నవాళ్ళకి మిగతా రోజులకి సరిపడా ఇంటికిచ్చి పంపుతారు. ఆమె షాపుకి వెళ్ళేముందు వచ్చి వరస చూస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళతో వెంట ఎవరైనా ఉంటే వాళ్ళని పక్కకి తీసుకెళ్ళి కూర్చోబెడుతుంది. ఏం చెబుతుందో వాళ్ళకే తెలుసు. కొందరు వింటారు, కొందరు ఈవిడెవరన్నట్టు చూసి లేచిపోతారు. లేచిపోయినవాళ్ళని ఆమె ఏమీ అనదు. తనూ లేచిపోయేదే.

మొన్నొక రోజు బిళ్ళ పెట్టుకున్న కుర్రాడొకడు మాట్లాడకూడదని వేలితో సైగ చేసి నవ్వాడు. ఆమె గబగబా బయటికొచ్చి గోడవైపు తిరిగి నిలబడింది. ఇంటికెళ్ళాక భర్తకి ఆ సంగతి చెప్పింది.

ఆయన నెమ్మదిగా అడిగాడు. "అంత కష్టంగా ఉన్నప్పుడు ఎందుకు వెళ్ళడం? మానెయ్యరాదూ?"

"ఇంట్లో కూర్చుంటే తక్కువుంటుందా?" అంది. మర్నాటికి వేసుకోవాల్సిన చీర మడత విప్పి కుర్చీ మీద వేసి, అలారం అయిదింటికి పెట్టుకుంది.